బూజు పట్టిన దాణా – పందుల ప్రేగులు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతములలో విద్యార్థుల వసతిగృహములు, భోజనశాలలు మెండు. ఇట్టి చోటుల మిగిలిన అన్నమునకు మొక్కజొన్న నూక, తౌడు, వేరుశనగ చెక్క చేర్చి పందులను మేపుట కద్దు. తడిసి చెడిన గింజలు మనుష్యులకు పనికిరానిచో పందులకు పనికివచ్చునని మనమనుకొందుము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో విచారింతము.

బూజు కంటికి కనబడును; అది గింజలో వదలిన విషము కనబడదు. ఆవు, గేదెల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఇట్టి విషములలో కొన్నింటిని విరుచును. పందికి ఆ రక్షణ లేదు. మొక్కజొన్నపై పెరుగు ఒక బూజు ఫ్యుమోనిసిన్ అను విషమును పుట్టించును. అది ప్రేగు గోడలోని కణముల కూర్పును సడలించును. అంతట హానికర క్రిములు అచ్చట సులభముగా స్థిరపడును. డీఆక్సీనివలెనాల్ అను మరియొక విషము వలన పంది మేత విడుచును, వాంతి చేసికొనును. ఆహారసారమును పీల్చు చూషకములు కురుచ యగును. మేత తిన్నను ఒంటబట్టదు. పిల్లలు పారుడుతో నీరసించును. పెంపకందారుని పెట్టుబడి ఆ విధముగా కరగిపోవును.

ఈ కీడు మనుష్యులకును తప్పలేదు. 1995లో దక్కను పీఠభూమిలోని 27 గ్రామములలో, వానకు తడిసి బూజు పట్టిన జొన్నలతోను, మొక్కజొన్నలతోను చేసిన రొట్టెలు తిన్నవారికి కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనములు కలిగెను. ఎల్బీ నగర్‌కు అట్టే దూరము లేని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ ధాన్యములో ఫ్యుమోనిసిన్‌ను కనుగొనిరి. ఆ తిండి మానగానే జనులు కోలుకొనిరి. పెనముపై కాల్చినను ఆ విషము పోలేదని గుర్తింపదగును.

కనుక కుడితిని ఉడికించితిమి, ఇక భయము లేదనుకొనరాదు. ఉడికించుట అవసరమే, అది రోగక్రిములను చంపును, బూజు విషమును మాత్రము చంపదు. వేరుశనగ చెక్కలో చేరు అఫ్లటాక్సిన్‌కును ఇదే న్యాయము. దాణాలో కలుపు బంకమట్టి పొడులు అఫ్లటాక్సిన్‌ను కొంత పట్టి ఉంచగలవు గాని తక్కిన వాటిపై అంతగా పనిచేయవు.

మందుకన్న జాగ్రత్త మేలు. మొక్కజొన్నను తేమ నూటికి 13 పాళ్లు మించకుండునట్లు ఎండబెట్టవలెను. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. వానకాలమున కొద్దికొద్దిగా కొని త్వరగా వాడుట మంచిది. ముక్కవాసన వచ్చు దాణాను మంచిదానితో కలిపి సరిపెట్టక పారవేయవలెను. మంద యంతయు ఒక్కసారిగా మేత మానినచో ముందు బస్తా విప్పి చూచి, ఆ దాణా నాపి, పశువైద్యుని పిలువవలెను. బస్తా ధర పోయినను మంద దక్కును.