0.03 శాతం స్నేహం

వాటా 34.4 శాతం. కొన్ని నెలలు తిరిగేసరికి అది కాస్తా 0.03 శాతం! ఆ సంగతి తెలిసిన కుర్రాడు ఆఫీసులో దూసుకొచ్చి, స్నేహితుడి ముందున్న ల్యాప్‌టాప్‌ను లాక్కుని పగలగొడతాడు. 'ద సోషల్ నెట్‌వర్క్' సినిమా చూసినవాళ్లెవరూ మరచిపోలేని సన్నివేశమిది.

ఫేస్‌బుక్ పుట్టిన కథతో 2010లో వచ్చిందీ హాలీవుడ్ చిత్రం. దర్శకుడు డేవిడ్ ఫించర్. కంప్యూటర్ల ముందు కూర్చునే కాలేజీ కుర్రాళ్ల మీద సినిమా ఏముంటుంది... ఛేజింగులా, ఫైట్లా? ఉన్నవన్నీ మాటలే. రచయిత ఆరన్ సోర్కిన్ రాసిన స్క్రిప్టు 160 పేజీలు దాటింది. పేజీకి నిమిషం చొప్పున లెక్కేసుకున్నా రెండు గంటల నలభై నిమిషాలు. నటులతో గడగడా మాట్లాడించి రెండు గంటల్లో ముగించారు. బార్‌లో ప్రియురాలితో హీరో గొడవపడే మొదటి సన్నివేశానికే 99 టేకులు తీశారట!

ఇంతకీ కథేమిటంటే... హార్వర్డ్ హాస్టల్లో ఉండే మార్క్ జుకర్‌బర్గ్ కోడ్ రాస్తాడు. డబ్బు పెట్టేది స్నేహితుడు ఎడ్వార్డో శావరిన్. మొదట వెయ్యి డాలర్లు, ఆ తర్వాత పద్దెనిమిది వేలు. 2004 ఫిబ్రవరిలో సైటు మొదలైంది. వేసవికి మార్క్ కాలిఫోర్నియా చేరాడు. అక్కడ షాన్ పార్కర్ అనే మాటకారి పక్కన చేరాడు. న్యూయార్క్‌లో ప్రకటనల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఎడ్వార్డోకు ఒళ్లు మండి బ్యాంకు ఖాతా స్తంభింపజేశాడు. కొన్నాళ్లకు రమ్మని పిలుపు. వెళ్లాడు. కాగితాలు ముందుపెట్టారు. ఆ లాయర్లు తన తరఫువాళ్లేననుకుని సంతకం చేసేశాడు. అర్థశాస్త్రం చదివే కుర్రాడు మరి! స్నేహితుడి మాట మీద హామీ సంతకం పెట్టి ఇరుక్కున్న బాబాయో మావయ్యో లేని ఇల్లు మనదగ్గరా తక్కువే. అందుకే ఈ అమెరికా కథ మనకూ అంత తేలిగ్గా ఎక్కుతుంది.

మార్క్ మీద మరో దావా కూడా నడుస్తుంటుంది. తమ ఆలోచన దొంగిలించాడంటూ వింకిల్‌వాస్ కవలలు, దివ్య నరేంద్ర వేసినదది. మనకు దివ్య అంటే అమ్మాయి పేరు. ఈయన మాత్రం న్యూయార్క్‌లో పుట్టిన ప్రవాస భారతీయుల అబ్బాయి! కవలలిద్దరుగా కనిపించేది మాత్రం ఒక్కడే... ఆర్మీ హామర్. రెండో కవల ఒంటికి వేరే నటుణ్ని పెట్టి, కంప్యూటర్‌తో హామర్ ముఖం అతికించారు. నిజ జీవితంలో ఆ దావా 2008లో ఆరున్నర కోట్ల డాలర్లకు రాజీ అయింది.

మరి సినిమాలో నిజమెంత? ఆధారం బెన్ మెజ్రిచ్ 2009లో రాసిన పుస్తకం. దానికి ఎడ్వార్డో నోరు విప్పాడు, మార్క్ విప్పలేదు. కాబట్టి జాలి ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు. బార్‌లో అలిగి వెళ్లిపోయిన అమ్మాయి పూర్తిగా కల్పితం. అసలు మార్క్‌కు ప్రిసిల్లా చాన్ పరిచయమైంది 2003లోనే, 2012లో ఆమెనే పెళ్లాడాడు. ఎడ్వార్డో కూడా ఉత్తచేతులతో ఏం మిగల్లేదు. కేసు వేశాడు, రాజీ కుదిరింది, సహవ్యవస్థాపకుడిగా పేరు తిరిగొచ్చింది. మిగిలిన వాటాతోనే కోటీశ్వరులకే కోటీశ్వరుడై సింగపూర్‌లో స్థిరపడ్డాడు. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే ల్యాప్‌టాప్ సీను అంత గుచ్చుకునేది కాదేమో.

అయినా బతికున్న మనిషిని, అదీ ఇరవై ఆరేళ్లవాణ్ని, తెరమీద అలా నిలబెట్టడం న్యాయమేనా? సోర్కిన్ దీనికి ఓ ఉపాయం పన్నాడు. కథంతా లాయర్ల ఎదుట ఎవరి వాదన వాళ్లు చెబుతున్నట్టే నడుస్తుంది. ఎవరిది నిజమో తేల్చే పని ప్రేక్షకుడిదే. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లలో మూడు దక్కాయి... స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, సంగీతం. ఉత్తమ చిత్రం మాత్రం 'ద కింగ్స్ స్పీచ్' ఎగరేసుకుపోయింది.

సినిమా విడుదలైన రోజున మార్క్ తన ఉద్యోగులందరినీ వెంటబెట్టుకుని థియేటర్‌కు వెళ్లాడు. తర్వాత అడిగితే, సరిగ్గా చూపించింది తన టీ షర్టులూ జాకెట్లేనన్నాడు.