కాంట్రా: పాలికా బజార్ 'క్యాసెట్'లో ఉన్నది ఏ ఆట?

1990లలో దిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని పాలికా బజార్‌లో వీడియో గేమ్ కొన్నవాళ్లకైనా, హైదరాబాద్‌లో అద్దె పార్లర్లలో గంట లెక్కన డబ్బులిచ్చి ఆడినవాళ్లకైనా 'కాంట్రా' గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నీలం ప్యాంటు ఒకరిది, ఎర్ర ప్యాంటు ఇంకొకరిది. పక్కపక్కన కూర్చుని అడవిలోకి దూకడం, ఎగురుతూ పల్టీ కొట్టడం, కనిపించినదాన్నల్లా కాల్చేయడం. ఒక్క తూటా తగిలినా ఒక ప్రాణం పోయినట్టే.

కానీ మన దేశంలో లక్షల ఇళ్లలో ఆడిన ఆ ఆట మొదట తయారైన కాంట్రా కాదు. యూరప్‌లో అధికారికంగా అమ్మిన ఆట కూడా కాదు. అది ఏ రూపంలో మన దాకా వచ్చిందో చూస్తే, ఆ రోజుల్లో మన మార్కెట్ ఎలా నడిచిందో అర్థమవుతుంది.

మొదటి కాంట్రా ఎలా ఉండేది?

జపాన్ కంపెనీ కొనామీ 1987లో కాంట్రాను ఆర్కేడ్ మెషీన్ కోసం విడుదల చేసింది. ఆర్కేడ్ అంటే నాణెం వేసి, నిలబడి ఆడే పెద్ద పెట్టె. పరుగెడుతూ కాల్చే ఇలాంటి ఆటలను 'రన్ అండ్ గన్' అంటారు.

ఆ మెషీన్‌లో తెర నిలువుగా ఉండేది. బొమ్మలు పెద్దవి, రంగులు ఎక్కువ. శత్రు స్థావరంలోకి వెళ్లే దశల్లో దారులు చిక్కుముడిలా ఉండేవి. సమయం కూడా పరిమితమే. ఆటగాడు త్వరగా ఓడిపోతేనే మరో నాణెం పడుతుంది. కాబట్టి కష్టంగా ఉండటమే అక్కడ వ్యాపారం.

ఇంటి టీవీకి వచ్చేసరికి ఏం మారింది?

1988లో కొనామీయే ఈ ఆటను నింటెండో ఇంటి కన్సోల్‌కు మార్చింది. జపాన్‌లో ఆ కన్సోల్ పేరు ఫ్యామికామ్, అమెరికాలో ఎన్ఈఎస్. దాని ప్రధాన ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ కేవలం 2 కిలోబైట్లు. ఆర్కేడ్ బొమ్మను అలాగే దింపడం సాధ్యం కాదు.

అందుకే కొనామీ ఆటను కాపీ చేయకుండా తిరిగి కట్టింది. నిలువు తెర అడ్డమైంది. ఆర్కేడ్‌లో ఒకే పొడవైన దశగా సాగిన చివరి భాగాన్ని విడదీసి, మొత్తం 8 దశలు చేసింది. స్థావరాల్లోని చిక్కుదారులు తీసేసి నేరుగా ముందుకు సాగేలా మార్చింది. ప్రాణాలు మూడే. ఓడిపోతే మళ్లీ కొనసాగించే అవకాశాలూ లెక్కపెట్టినన్నే. నాణెం వేసి గట్టెక్కే దారి లేదు కాబట్టి, ఎక్కడ ఏ శత్రువు వస్తాడో నేర్చుకుని ఆడాల్సిందే.

మూడో దశ అయిన జలపాతంలో ఇద్దరి మధ్య పొత్తు ఎంతో తేలిపోతుంది. ఒకరు తొందరపడి పైకి ఎక్కితే తెర కూడా పైకి జరుగుతుంది. కింద ఉండిపోయినవాడి ప్రాణం పోతుంది. శత్రువు కన్నా స్నేహితుడి మీదే ఎక్కువ కోపం వచ్చే చోటు అదే. ఇంటి కాంట్రాయే ఆర్కేడ్ కన్నా మెరుగని ఇప్పటికీ చాలామంది అభిమానులు అనడానికి ఇలాంటి అమరికలే కారణం.

30 ప్రాణాల 'చిట్కా' కూడా ఈ ఇంటి ఆటతోనే ప్రపంచమంతా పాకింది. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి ఎడమ కుడి, తర్వాత బీ, ఏ. దీన్ని మొదట కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోటో 1986లో 'గ్రాడియస్' అనే మరో ఆట కోసం పెట్టారు. ఆయన 2020లో చనిపోయారు.

యూరప్‌లో రోబోలు, మన దగ్గర మనుషులు

మన దగ్గరికి వచ్చిన దారిని పట్టించే ఆధారం యూరప్‌లో దొరుకుతుంది.

1990లో యూరప్‌లో విడుదలైన ఎన్ఈఎస్ ఆట పేరు కాంట్రా కాదు, 'ప్రోబోటెక్టర్'. అందులో సైనికుల స్థానంలో రోబోలు ఉంటాయి. పిల్లలకు హానికరమనిపించే హింస విషయంలో అప్పటి పశ్చిమ జర్మనీ నియమాలు కఠినంగా ఉండటమే దీనికి కారణంగా చెబుతారు.

టీవీ ప్రసారాల విషయంలో భారత్ కూడా యూరప్ వరసలోనిదే. 1982లో దిల్లీ ఆసియా క్రీడల ఏడాది మొదలైన రంగుల ప్రసారాలకు మన దేశం ఎంచుకున్నది 'పాల్' విధానం. జపాన్, అమెరికాలది వేరే విధానం. ఆట అధికారిక మార్గంలో, పాల్ దేశాలకు తయారైన రూపంలో వచ్చి ఉంటే మన పిల్లలు రోబోలను ఆడించేవారు.

కానీ వాళ్లు చూసింది నీలం, ఎర్ర ప్యాంట్ల మనుషులను. అంటే మన దగ్గర తిరిగిన కాపీలకు మూలం యూరప్ కాదు, జపాన్ లేదా అమెరికా ఆట. అమెరికా క్యాసెట్ లోపల జపాన్ దానిలోని ప్రత్యేక చిప్ ఉండదు, ఆట మొత్తం 128 కిలోబైట్లే. కాపీ చేసి, పది ఆటలతో కలిపి ఒకే క్యాసెట్‌లో సర్దడానికి ఇలాంటిదే తేలిక.

టీవీ తేడాను తైవాన్ చిప్ తయారీదారులు సరిచేశారు. యూఎంసీ లాంటి సంస్థలు ఫ్యామికామ్‌ను పోలిన చిప్‌లను పాల్ టీవీలకు సరిపోయేలా తయారుచేశాయి. వాటితో చేసిన కన్సోళ్లలో జపాన్, అమెరికా ఆటలు నడిచేవి.

అసలైనవి ఎందుకు రాలేదు?

విదేశీ వినియోగ వస్తువుల దిగుమతిపై ఆ రోజుల్లో భారత్‌లో ఆంక్షలుండేవి. 1991 సంస్కరణల తర్వాత కూడా వినియోగ వస్తువుల్లో చాలా వాటికి లైసెన్సు బెడద తప్పలేదు. మిగిలిన పరిమాణ ఆంక్షలు పూర్తిగా తొలగింది 2001 ఏప్రిల్ 1న. ఎన్ఈఎస్ కాలం అప్పటికే ముగిసిపోయింది.

'సమురాయ్' పేరుతో నింటెండో కన్సోల్ ఇక్కడ కొన్నాళ్లు అమ్ముడైనా, మధ్యతరగతి ఇళ్లలోకి ఎక్కువగా చేరింది 'లిటిల్ మాస్టర్', 'మీడియా', 'టెర్మినేటర్' లాంటి పేర్లున్న పోలిక కన్సోళ్లే. దిల్లీలో ఇలాంటి సరుకుకు పాలికా బజార్, ఎర్రకోట ఎదురుగా ఉన్న లాజ్‌పత్ రాయ్ మార్కెట్ పేరుమోశాయి.

కార్ట్రిడ్జ్‌ను మనవాళ్లు 'క్యాసెట్' అనేవారు. పైన లక్షల్లో ఆటలున్నట్టు రాసి ఉన్నా, లోపల అవే కొన్ని ఆటలు పేరో మొదటి ఆయుధమో మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. కాంట్రా పేరు కింద 30 ప్రాణాలతో ఒకటి, ఐదు తూటాలు విసనకర్రలా విచ్చుకునే 'ఎస్' తుపాకీతో ఇంకొకటి కనిపించేవి.

ఆ క్యాసెట్‌తో అట్టపెట్టె ఉండదు, పుస్తకం ఉండదు. చాలా కాపీల్లో తెర మీద కొనామీ పేరు కూడా చెరిపేసేవారు. ఆ సైనికుల పేర్లు బిల్, లాన్స్ అని, జపాన్ కథ ప్రకారం ఆట 2633లో జరుగుతుందని ఇక్కడ ఆడినవాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవడానికి కారణం అదే.

చట్టం ఏం చెబుతోంది?

నష్టం కొనామీదేనని చట్టం స్పష్టంగానే చెబుతుంది. 1957 కాపీరైట్ చట్టానికి 1984లో చేసిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకూ సాహిత్య రచనలతో సమానంగా రక్షణ వచ్చింది. రక్షణ కాలం 60 ఏళ్లు. రచయిత పేరుంటే ఆయన మరణం తర్వాతి నుంచి, లేకుంటే ప్రచురణ తర్వాతి నుంచి లెక్క. ఏ లెక్కన చూసినా 2047 ముగిసేదాకా కాంట్రా అందరి సొత్తు కాదు. పాలికా బజార్‌ను అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2021 'నటోరియస్ మార్కెట్ల' జాబితాలో పెట్టింది. అయినా '400 ఇన్ 1' అని రాసి ఉన్న చేతి గేమ్ బాక్సుల్లో కాంట్రా ఇప్పటికీ దొరుకుతోంది.

అయితే మరో ప్రశ్నకు చట్టంలో తేలికైన జవాబు లేదు. ఒక తరం బాల్యంలో భాగమైన ఈ క్యాసెట్లను దాచేదెవరు? పుస్తకం అచ్చయితే ఒక ప్రతిని దిల్లీ పబ్లిక్ లైబ్రరీ సహా నాలుగు గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. వీడియో గేమ్‌లకు అలాంటి ఏర్పాటు లేదు. వాణిజ్యేతర పబ్లిక్ లైబ్రరీలు భద్రపరచడం కోసం డిజిటల్ ప్రతి చేసుకోవచ్చని 2012 సవరణ అనుమతించింది. కానీ వాటి దగ్గర డిజిటల్ కాని ప్రతి ముందే ఉండాలన్నది షరతు. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఆటకు ఆ షరతు ఎలా కుదురుతుంది?

ఆటకైతే ఢోకా లేదు. 2019లో వచ్చిన 'కాంట్రా యానివర్సరీ కలెక్షన్'లో ఆర్కేడ్, జపాన్, అమెరికా రూపాలు మూడూ ఉన్నాయి. 2024లో 'ఆపరేషన్ గలూగా' పేరుతో కొత్త రూపం కూడా వచ్చింది. ఈ కలెక్షన్‌తో 1987 నాటి ఆర్కేడ్ ఆటను ఇప్పుడు ఇంట్లోనే, డబ్బు చెల్లించి, చట్టబద్ధంగా ఆడవచ్చు.

అందులో లేనిది ఒక్కటే. కొనామీ పేరు చెరిపేసి, 30 ప్రాణాలు ముందే ఇచ్చేసి, లక్ష ఆటలంటూ అబద్ధం చెప్పిన ఆ పసుపు క్యాసెట్. దాన్ని కంపెనీ ఎలాగూ దాచదు, గ్రంథాలయాలకు వీలు లేదు. అటక మీది పెట్టెలో అది ఇంకా ఉంటే, ప్రస్తుతానికి దానికున్న భాండాగారం ఆ పెట్టే.