బ్రహ్మోస్ నేల మీద గురి నేర్చిన దీవులు

సముద్రం మీద ఓడను పసిగట్టడం రాడార్‌కు కొంత తేలిక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఇనుప గుట్ట. నేల మీద అలా కుదరదు. గుట్టలు, చెట్లు, కట్టడాలు అన్నీ తరంగాలను వెనక్కి కొడతాయి. ఓడల్ని ముంచడానికి పుట్టిన బ్రహ్మోస్ క్షిపణికి ఈ విద్య కూడా పట్టుబడాలి. 2008 మార్చి 5న అండమాన్ దగ్గర ఐఎన్ఎస్ రాజ్‌పుత్ యుద్ధనౌక నుంచి వదిలినప్పుడు, నేల మీద వరసగా ఉన్న లక్ష్యాల్లో తనకు చెప్పిన దాన్నే ఏరి కొట్టింది.

అప్పటికి ఒప్పందానికి పదేళ్లు. 1998 ఫిబ్రవరి 12న భారత్, రష్యా రాసుకున్న ఆ కాగితం మీద మన తరఫున సంతకం అబ్దుల్ కలాంది. దాంతో పుట్టిన ఉమ్మడి సంస్థను నడిపే బాధ్యత శివథాను పిళ్లైకి అప్పగించారు. వాటాలు మనకు 50.5 శాతం, రష్యాకు 49.5. మన వాటా 51కి చేరితే కంపెనీల చట్టం ప్రకారం అది ప్రభుత్వ సంస్థ అవుతుంది, ప్రతి కొనుగోలుకూ ఫైళ్లు బల్లలు మారాలి. పైచేయి మనదే, ఆ ముడి మాత్రం లేదు. నన్నడిగితే బ్రహ్మోస్‌లో మొదటి మేలైన ఇంజనీరింగ్ ఈ అర శాతమే.

రెండోది రామ్‌జెట్, రష్యా ఇచ్చిన బలం. మామూలు జెట్ ఇంజన్‌లో గాలిని నొక్కడానికి తిరిగే రెక్కలుంటాయి. ఇందులో అవి లేవు, దూసుకెళ్లే వేగమే గాలిని లోపలికి కుక్కి నొక్కుతుంది. కాబట్టి నిలబడి ఉన్న చోట అది పనిచేయదు. ముందు ఘన ఇంధన బూస్టర్ మండి క్షిపణిని ధ్వని వేగం దాటిస్తుంది. అది కాలిపోయి ఊడిపోగానే ద్రవ ఇంధనంతో రామ్‌జెట్ అందుకుని, ధ్వనికి 2.8 రెట్ల వేగానికి తీసుకెళ్తుంది. 2001 జూన్ 12న ఒడిశాలోని చాందీపూర్‌లో క్షిపణి తొలిసారి ఎగిరింది. భాగాలను కూర్చి క్షిపణిగా నిలబెట్టే కేంద్రం మన హైదరాబాద్‌లో ఉంది.

అండమాన్‌కే మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్లారు? మనుషులు లేని దీవులు, వాటి మధ్య కావలసినంత నీరు ఉన్నాయి గనుక. ప్రయోగానికి ముందు గగనతలం మూస్తున్నట్టు నోటీసు ఇస్తారు. 2015 మేలో సైన్యం కార్ నికోబార్ నుంచి వదిలింది. 2020 నవంబరు 24న ఒక దీవి మీద నుంచి లేచి ఇంకో దీవి మీది గురిని కొట్టింది.

బ్రహ్మోస్‌ను మొదట కొన్న విదేశం ఫిలిప్పీన్స్, అదీ దీవుల దేశమే. 2022 జనవరిలో ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో తొలి విడత చేరింది.