ఆటలమ్మకు మందు: ఎవరికి, ఎప్పుడు?

ఆటలమ్మ వైరస్‌ను అణిచే మందు ఉంది. దాని పేరు ఎసైక్లోవిర్. అయినా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఆటలమ్మ పోస్తే డాక్టర్లు చాలాసార్లు ఆ మందు రాయరు. అది నిర్లక్ష్యం కాదు, లెక్క.

వైరస్ సోకిన 10 నుంచి 21 రోజులకు పొక్కులు తేలతాయి. అప్పటికే అది ఒళ్లంతా పాకి ఉంటుంది. ఎసైక్లోవిర్ ఒంట్లో ఉన్న వైరస్‌ను చంపదు, కొత్తది పుట్టకుండా అడ్డుపడుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది: ఈ మందును చురుకుగా మార్చేది వైరస్ సొంత ఎంజైమే. అందుకే మందు ప్రభావం వైరస్ చేరిన కణాల్లోనే ఎక్కువ, మిగతా ఒంటికి హాని తక్కువ. అయితే మొదటి పొక్కు కనబడిన 24 గంటల్లోపు మొదలుపెడితేనే ఫలితం. దోమ కుట్టిందేమోనని ఒకరోజు ఆగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

వేళకు వేసినా దక్కే లాభం కొంచెమే. జ్వరం సుమారు ఒకరోజు ముందు తగ్గుతుంది, పొక్కులు కొన్ని తక్కువగా వస్తాయి. న్యుమోనియా వంటి చిక్కులను తగ్గిస్తుందని మాత్రం పరిశోధనల్లో తేలలేదు. ఆరోగ్యవంతులైన పిల్లల్లో అవి అసలే అరుదు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1993లోనే, ఇలాంటి పిల్లలందరికీ దీన్ని మామూలుగా వాడనక్కర్లేదని చెప్పింది.

కొందరి విషయం వేరు. 12 ఏళ్లు దాటినవారికి, దీర్ఘకాలిక చర్మవ్యాధి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, స్టెరాయిడ్లు వాడుతున్నవారికి మందు ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. ఇంట్లో ఒకరి నుంచి సోకి తర్వాత పోసిన బిడ్డకు మొదటి బిడ్డకంటే తీవ్రంగా రావడం మామూలు, కాబట్టి అలాంటి బిడ్డకూ ఇవ్వవచ్చు. మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు 20 మిల్లీగ్రాములు, ఒక్కో విడతకు 800 మించకుండా, రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులు. నీళ్లు బాగా తాగించాలి. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు ఆస్పత్రిలో సూదిమందుగా ఎక్కిస్తారు.

మిగతావారికి గోళ్లు కత్తిరించడం, దురదకు కాలమైన్, జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. అమ్మవారు పోసినప్పుడు మందు తాకకూడదనే పట్టింపు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. వేపాకులు పక్కన పరచినా నష్టం లేదు గానీ, ఆయాసం, మగత, తూలుడు కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పొక్కు చుట్టూ ఎర్రగా వాచి చీము పడితే అది బాక్టీరియా పని. దానికి యాంటీబయాటిక్ కావాలి, ఎసైక్లోవిర్ పనిచేయదు.