మరమగ్గము కొన్నవాని మొర: భివండీ తెలుగువారి యంత్రదోష సమస్య

మహారాష్ట్రమునందలి ఠాణా జిల్లాలో, బొంబాయి మహానగరమునకు ఈశాన్యమున, కామవారీ నదీతీరమున భివండీ పట్టణము కలదు. 2011 జనాభా లెక్కల ననుసరించి ఆ పట్టణమున 7 లక్షలకు పైబడిన ప్రజలుండిరి. మరమగ్గముల చప్పుడు వినబడని వీధి అచట అరుదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి జీవనోపాధికై తరలివెళ్లిన పద్మశాలి కుటుంబములు అచట స్థిరపడి, పద్మనగరమును తెలుగు పేటగా నిలుపుకొన్నవి. 1982 జనవరి 18న డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైన పిమ్మట, మిల్లులలో నేయబడుచుండిన గుడ్డలో చాల భాగము భివండీ మగ్గములకు మరలినది. మిల్లులు వదలించుకొన్న పాత మగ్గములును ఆ పట్టణపు పాకలలోనికి వచ్చి చేరినవి. ఈ వలసల చరిత్ర పలుమారులు చెప్పబడినదే. మగ్గము చెడినపుడు, అందును క్రొత్త మగ్గము మొదటి దినమునుండియే సరిగా నడువనపుడు, దానిని కొన్నవాడు ఎవరి గడప తొక్కవలెననునది ఇచటి విచారణీయాంశము.

మరమగ్గమును మనవారు వాడుకలో ‘సాంచ’ అందురు. నాలుగో ఆరో సాంచలు గల గృహస్థు సేఠు వద్దనుండి పడుగు బీమును, పేక నూలును తెచ్చుకొని, మీటరున కింత యని మజూరీకి నేసి యిచ్చును. నూలు అతనిది కాదు, గుడ్డ అతనిది కాదు, మగ్గమొక్కటే అతనిది. అదియు తరచుగా అప్పుచేసి కొన్నది. క్రొత్త కారు ఇంజను మాటిమాటికి చెడి, తయారుచేసినవారు మొగము చాటువేసినపుడు కారు యజమాని పడు చికాకునకును, ఇతని చికాకునకును పోలిక కలదు గాని సమానత లేదు. కారు మరమ్మతులో నున్నన్నాళ్లు దాని యజమాని బస్సులో పోగలడు. సాంచ నిలిచినచో మజూరీ నిలుచును, అప్పు వాయిదా మాత్రము నిలువదు. గడువునకు గుడ్డ అందనిచో సేఠు తరువాతి బీమును వేరొక పాకకు పంపును.

దోషము బయటపడు తీరును కొంచెము వివరింపవలసియున్నది. నాడె మగ్గమునందు పడుగు రెండు పొరలుగా విడిపోయియున్న స్వల్పకాలములోనే నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటిపోవలెను. క్రాంకు కడ్డీలోగాని, నాడెను కొట్టు భాగముల అమరికలోగాని లోపమున్నచో నాడె ఆలస్యముగా బయలుదేరి, పొరలు మూసికొనువేళకు నడుమ నుండును. నాడె తన పెట్టెను చేరనిచో మగ్గమును తక్షణమే ఆపు ఏర్పాటొకటి యుండును. అదియు పనిచేయనిచో నాడె పొరల నడుమ చిక్కుపడి వందలకొలది పోగులు ఒక్కసారి తెగును, పన్నె పండ్లు వంగును. ఆ పోగులను ఒక్కొక్కటిగా ముడివేసి తిరిగి ఎక్కించుటకు పూటలు పట్టును. నెలలో ఇట్లు మూడు నాలుగు మారులు జరిగినచో ఆ నెల మజూరీ ముడులు వేయుటకే చెల్లినట్లు.

ఫిర్యాదు చేసినవానికి సాధారణముగా వచ్చు సమాధానములు నాలుగు: నూలు నాసిరకమైనది; విద్యుత్తు వోల్టేజి సరిగా లేదు; వానకాలపు తేమ ఎక్కువైనది; నడుపువానికి పని రాదు. చిక్కేమనగా ఈ నాలుగింటిలో ఏదైనను నిజమే కావచ్చును. బలహీనమైన నూలు మంచి మగ్గముమీదను తెగును. వోల్టేజి తగ్గినచో మోటారు వేడెక్కి కాలిపోవును. 2007 జనవరిలో భివండీ విద్యుత్ పంపిణీ టొరెంట్ పవర్ సంస్థకు ఫ్రాంచైజీ పద్ధతిని అప్పగింపబడినది. అంతకు పూర్వపు కోతల కాలమున వోల్టేజి వాదమునకు ఎదురుచెప్పుట మరింత కష్టము. కనుక దోషము మగ్గమునదేయని కొన్నవాడే వేరుపరచి చూపవలసియుండును. దీనికి పెద్ద శాస్త్రపరికరములు అక్కరలేదు. ఆ బీమునే ప్రక్క మగ్గమునకు మార్చి, ఆ నూలుతోనే, ఆ మనిషియే నడిపినపుడు పోగులు తెగక సాగినచో నూలు, తేమ, నేర్పు అను మూడు సాకులు తొలగును. ఒకే మీటరుమీద నడుచు మగ్గములలో ఒకదాని మోటారే పదేపదే కాలుచున్నచో నాలుగవదియు బలహీనపడును. పాత నేతగాండ్రు ఈ పరీక్షను ఎరుగనివారు కారు. వారు చేయనిది ఒక్కటే: తేదీ వేసి కాగితముమీద వ్రాసి యుంచుట.

ఇక న్యాయమార్గము. 1986 వినియోగదారుల రక్షణ చట్టము వాణిజ్య ప్రయోజనమునకై వస్తువు కొన్నవానిని వినియోగదారునిగా అంగీకరింపలేదు. ఇంటి వాడుకకు కారు కొన్నవాడు ఈ ద్వారమును సులువుగా దాటును. సాంచ కొన్నవానికి తొలి అడ్డంకి ఇచటనే యున్నది. నేసినది అమ్మకమునకే కదా, వాణిజ్యమే కదా యని ప్రతివాది తరపున మొదటి ప్రశ్న వచ్చును. 1993లో చట్టమునకు ఒక వివరణ చేర్చబడినది: స్వయం ఉపాధిచే జీవనము గడుపుకొనుటకు మాత్రమే తాను కొని తానే వాడుకొను వస్తువు విషయమున ఆ మినహాయింపు వర్తింపదు. ఈ వివరణకు సుప్రీం కోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్, పి.ఎస్.జి. ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ వ్యాజ్యమున విపులమైన అర్థము చెప్పినది. ఆటోరిక్షా కొని తానే నడుపుకొని బ్రతుకువాడు, లారీ కొని తానే తోలుకొనువాడు, లేతు వంటి యంత్రమును కొని తానే నడుపుకొనువాడు వినియోగదారులే. సాయమునకు ఒకరిద్దరిని పెట్టుకొన్నంత మాత్రమున వారికి ఆ హక్కు పోదు. కొన్నవాడు ప్రక్కన నుండి, యంత్రమును పూర్తిగా ఇతరులచేతనే నడిపించినచో పోవును. ఆ వ్యాజ్యములో యంత్రము పెద్ద విలువ గలది. కొన్న సంస్థ వినియోగదారు కాదని తీర్పు వచ్చినది. అయినను ఓడినవాని వ్యాజ్యమునుండియే చిన్నవారికి ఉపయోగించు సూత్రము వెలువడినది.

1996లో ఇటుకలు చేయు యంత్రమునకు సంబంధించిన వేరొక తీర్పున సుప్రీం కోర్టు రెండు మాటలు చెప్పినది. స్వయం ఉపాధి యని నిరూపించు భారము కొన్నవానిమీదనే యున్నది. తానే నడుపుకొనుట యనగా కుటుంబ సభ్యులతో కలిసి నడుపుకొనుటయు అగును. ఈ రెండవ మాట నేతవారికి అత్యంత విలువైనది. భర్త సాంచ నడుపగా భార్య కండెలు చుట్టును, తల్లి పోగులు అందించును, కుమారుడు రాత్రి పాళీ చూచును. 2018లో ఫొటోలు ముద్రించు యంత్రమును కొన్న భాగస్వాముల విషయమునను స్వయం ఉపాధి వాదమును సుప్రీం కోర్టు అంగీకరించినది.

ఇచట ఒక విచిత్రము గమనింపదగినది. నాలుగు సాంచల పాకకు సయితము ‘టెక్స్‌టైల్స్’ అని పేరుపలక కట్టుట మనవారికి ముచ్చట. అప్పు దరఖాస్తులో పెక్కుమందికి పని కల్పింతుమని వ్రాయించుట బ్యాంకు మెప్పునకై. యంత్రము చెడి న్యాయస్థానమునకు పోయిననాడు ఆ పలకయు, ఆ దరఖాస్తుమే ఎదుటివాని చేతిలో సాక్ష్యములగును. పాళీలు పూర్తిగా కూలివారిచే నడిపించు ఇరువది నాలుగు సాంచల యజమానికి ఈ మార్గము లేదు. అతడు సివిలు కోర్టుకే పోవలెను. సాధారణముగా దానికి మూడు సంవత్సరముల గడువు కలదు.

1986 చట్టము స్థానమున 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. స్వయం ఉపాధి వివరణ ఇందునను నిలిచినది. దూరప్రాంతమున తయారైన మగ్గముపై కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చుననుట ఈ చట్టపు గొప్ప వెసులుబాటు. చెల్లించిన వెల 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషను విచారించును. 5 లక్షల లోపు వెలకు రుసుమే లేదు. గడువు రెండేండ్లు. చాలామంది నష్టపోవునది ఈ గడువు వద్దనే. కంపెనీ మెకానికు వచ్చును, ఒక పండ్లచక్రమును మార్చును, వచ్చే నెల చూతుమనును. ఇట్లు రెండేండ్లు గడచిన పిదప ఆలస్యమునకు తగిన కారణము చూపి కమిషనును వేడుకొనవలసివచ్చును.

2019 చట్టముతో ఉత్పత్తి బాధ్యతయను క్రొత్త అధ్యాయము వచ్చినదని ఉత్సాహపడువారు దాని నిర్వచనమును చదువవలెను. యంత్రదోషమువలన మనిషికి గాయమైనను, ఇతర ఆస్తి చెడినను ఆ అధ్యాయము వర్తించును. యంత్రమునకే కలిగిన చెరుపు, వ్యాపార నష్టము అందుండి తొలగింపబడినవి. నాడె ఎగిరి కంటికి తగిలినచో ఒక దారి, నాడె చిక్కుపడి మజూరీ పోయినచో వేరొక దారి. రెండవదానికి దోషయుక్త వస్తువను పాత పద్ధతి ఫిర్యాదే శరణ్యము. దోషము పరీక్షింపక తేలనిదైనచో కమిషను ప్రయోగశాలకు పంపవచ్చును. మగ్గమును మూటగట్టి పంపలేము గనుక నిపుణుడే పాకకు రావలెను. బొంబాయిలో సస్మిరా, బి.టి.ఆర్.ఏ. వంటి వస్త్ర పరిశోధన సంస్థలుండుట భివండీవారికి కలిసివచ్చు విషయము.

వాహనముల విషయమున ప్రభుత్వమునకే ఒక అధికారము కలదు. 2019లో సవరింపబడిన మోటారు వాహన చట్టము ననుసరించి, 2021 ఏప్రిలు 1 నుండి, ఒకే రకపు వాహనములపై తగినన్ని ఫిర్యాదులు వచ్చినచో వానిని వెనుకకు పిలిపించి దోషమును సరిచేయుమని తయారీదారుని ఆజ్ఞాపింపవచ్చును. మరమగ్గములకు అట్టి ఏర్పాటు లేదు. అయితే ఒకే దోషముచే నష్టపోయిన పలువురు కమిషను అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయవచ్చును. గుర్తింపు గల వినియోగదారుల సంఘమును చేయవచ్చును. ఏ పాకలో ఏ తయారీ మగ్గము ఎన్నిమారులు చెడినదో ఒక్కచోట వ్రాసి యుంచినచో ఆ పుస్తకమే సాక్ష్యము. పెండ్లిండ్లకు, చందాలకు పుస్తకములుంచు కుల సంఘములకు ఇది అసాధ్యము కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ‘లెమన్ లా’ అను మాట పరిచితమే. 1982లో కనెక్టికట్ రాష్ట్రము చేసిన చట్టము, పలుమారులు మరమ్మతు చేసినను బాగుపడని క్రొత్త కారును మార్చియిచ్చుటనో, వెల తిరిగి యిచ్చుటనో విధించినది. మన దేశమున అట్టి ప్రత్యేక చట్టము లేదు. ఒక కారు వ్యాజ్యమున 2006లో సుప్రీం కోర్టు, వారంటీ పత్రము చెడిన భాగమును మార్చుటవరకే హామీ యిచ్చినచో కారునంతటిని మార్చుమనుట కుదరదని తేల్చినది. మగ్గపు వారంటీయును అట్లే చదువబడును. అందు మోటారు, ఎలక్ట్రానిక్ కార్డు చేరినవో లేవో కొనకమునుపే చూడవలెను.

మిగిలినది పాత మగ్గము. 2017 ఏప్రిలు 1న పవర్‌టెక్స్ ఇండియా పథకమును కేంద్ర జౌళి మంత్రి భివండీలోనే ప్రారంభించిరి. సాదా మగ్గములకు, పోగు తెగగానే ఆగు ఏర్పాటు వంటి సాధనములను అమర్చుకొనుటకు అందు సాయము లభించినది. సాధనము క్రొత్తది, మగ్గము పాతది. చెడినపుడు ఒకరు మగ్గమును, వేరొకరు సాధనమును నిందింతురు. బిల్లు లేక కొన్న పాత మగ్గమునకు వాదమే నిలువదు. బిల్లున్నచో 1930 వస్తు విక్రయ చట్టము కొంత ఆధారము. ఏ రకపు గుడ్డకై కొనుచున్నాడో చెప్పి, ఆ వ్యాపారమే చేయు అమ్మకందారుని నేర్పును నమ్మి కొన్నచో, ఆ పనికి తగియుండుట ఒప్పందములోని షరతగును. ఆ రకపు పేరును బిల్లుమీదనే వ్రాయించుకొనుట మేలు. మరల, కొనువాడు తన వెంట మిస్త్రీని తీసికొనిపోయి మగ్గమును తట్టి చూపించినచో, ఆ పరిశీలనలో తెలియదగిన లోపములను గూర్చి పిమ్మట నాణ్యత తక్కువైనదని వాదింపరాదు. పైకి కనబడు అరుగుదలకు మిస్త్రీని తెచ్చినవాడే బాధ్యుడు. రంగుపూత క్రింద దాచిన చట్రపు పగులునకు అమ్మినవాడు బాధ్యుడు.