తల్లికోడి ఆకలి - మేతలోని కిటుకు

బ్రాయిలర్ కోడి అయిదారు వారాల్లోనే రెండు కిలోలు దాటుతుందని మీకు తెలుసు. మరి దాని తల్లి సంగతేమిటి? తల్లిదీ అదే వంశం, అదే తిండియావ. కాని అది 24, 25 వారాలకు గుడ్లకొచ్చి, తర్వాత నెలల తరబడి పొదగడానికి పనికొచ్చే గుడ్లు పెట్టాలి. తిన్నంత మేత వేస్తే ఒళ్ళు బరువెక్కి కుంటుతుంది. అండాశయంలో ఒకేసారి ఎక్కువ సొనలు పక్వమై, రెండు సొనల గుడ్లు, పెంకు సరిగాలేని గుడ్లు వస్తాయి. అందుకే ఎదిగే వయసులో మేత తూచి వేస్తారు. కొన్ని వారాల్లో అది కోడి తినగలిగిన దానిలో సగంకన్నా తక్కువే. 20 వారాల పెట్ట బరువు రెండు కిలోల పైచిలుకు మాత్రమే.

ఆరోగ్యం దక్కింది కాని, ఆకలి మిగిలింది. దీన్ని తగ్గించే దారులు రెండు.

మొదటిది మేత రూపం. మొక్కజొన్న, సోయాచెక్క, తవుడు మరపట్టి కలిపితే పొడిమేత, అంటే మాష్. దాన్నే ఆవిరితో మెత్తబరచి అచ్చులో ఒత్తితే గుళికలు, అంటే పెల్లెట్లు. పొడిమేతలో కోళ్ళు పెద్ద పలుకులు ఏరుకుంటాయి. బలమైన కోడికి గింజలు, వెనకబడినదానికి దుమ్ము! గుళికలో ఈ తేడా ఉండదు. ప్రతి ముక్కలోనూ అన్ని పోషకాలూ ఉంటాయి. అయితే గుళికలే మేలనుకోకండి. ఒక్కసారి ముక్కుతో అందుకుంటే గుళిక మొత్తం గొంతు దిగుతుంది. రోజు మేత నిమిషాల్లో అయిపోతుంది. తొట్టి దగ్గర చోటు దొరకని కోడి పస్తే. మిగతా కోళ్ళు ఖాళీ తొట్టిని పొడుస్తూ, అవసరానికి మించి నీళ్ళు తాగుతూ, కింద పరిచిన ఊకను తడిపేస్తాయి.

రెండవది పోషక సాంద్రత. ఒక పెట్టకు రోజుకు 168 కిలో కాలరీలు కావాలనుకుందాం. కిలోకు 2800 కిలో కాలరీలున్న మేతయితే 60 గ్రాములు చాలు. పీచు కలిపి 2400కు తగ్గిస్తే 70 గ్రాములు వేయాలి. శక్తి అంతే, మేత మాత్రం ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు ఇటువంటి పలచని మేతలను పరీక్షించారు. కోళ్ళు ఎక్కువసేపు తింటాయి. వెనకబడిన కోడికీ నాలుగు గింజలు అందుతాయి. రవాణా ఖర్చు, రెట్ట పెరగడం ఇందులోని నష్టాలు.

ప్రోటీన్ ఒక్కటే తగ్గిస్తే మరో మార్పు వస్తుంది. అదే బరువుకు చేర్చడానికి మేత పెంచాలి. అప్పుడు ఛాతీ కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. అంటే రెండు కోళ్ళు త్రాసులో సమానంగా తూగినా, లోపలి శరీరాలు ఒకటి కావు.

ఒక్కటి గుర్తుంచుకోండి. కడుపు నిండడం వేరు, ఆకలి తీరడం వేరు. పీచు పొట్టను నింపుతుంది కాని, వేగంగా పెరగాలని వంశం నుంచి వచ్చిన కోరికను చెరపలేదు. నిదానంగా పెరిగే రకాల తల్లులకు ఇంత కట్టడి అక్కరలేదు. పిల్ల ఎంత తొందరగా ఎదగాలని మనం కోరుకుంటామో, తల్లి ఆకలి అంత పెరుగుతుంది.