పొర మీద పొర

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో నిలబడి ఎప్పుడైనా కిందికి చూశారా? అడుగున రోడ్డు. దాని మీద ఒక రైలు మార్గం. దానికీ పైన ఇంకో మార్గం. మియాపూర్ పోయేవాళ్ళు ఒక అంతస్తులో, నాగోల్ పోయేవాళ్ళు ఇంకో అంతస్తులో. కింద రోడ్డు మీద ట్రాఫిక్ ఆగినా పైన రైలు ఆగదు. అన్నీ ఒకే చోట ఉన్నాయి, కానీ దేని పని దానిదే. కంప్యూటరులో బొమ్మలు తయారుచేసేవారు "లేయర్" అని పిలిచేది సరిగ్గా ఇలాంటి ఏర్పాటునే. తెలుగులో పొర అనుకుందాం.

నేను బి.యస్సీ. చదువుతూనే ఈ పని నేర్చుకున్నాను. మైత్రీవనం పక్క సందులో రెండు నెలల కోర్సు. ఫీజు ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బుల్లోంచి నాయిన ఇచ్చాడు. తర్వాత సాయంత్రాలు పంజాగుట్టలో ఒక చిన్న డి.టి.పి. షాపులో కూర్చొని పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు చేశాను. అక్కడ తెలుసుకున్నది నా తోటి విద్యార్థులకు చెప్పాలనే ఈ ప్రయత్నం.

పొర అనే ఆలోచన కంప్యూటరుతో పుట్టింది కాదు. కార్టూను సినిమాలు తీసేవారు వెనుక దృశ్యాన్ని ఒక కాగితం మీద, కదిలే బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీద వేసేవారు. 1915లోనే అమెరికాలో ఎర్ల్ హర్డ్ అనే ఆయన దీనికి పేటెంటు పొందాడు. బొమ్మ కదిలినప్పుడల్లా చెట్టునూ కొండనూ మళ్ళీ గీయనక్కర లేదు, పై షీటు మారిస్తే చాలు. ఆఫ్‌సెట్ అచ్చులోనూ నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలు నాలుగు ప్లేట్ల మీద నుంచి ఒకదాని మీద ఒకటి పడితేనే రంగుల బొమ్మ వస్తుంది.

ఫోటోషాప్ సాఫ్టువేరుకు అంకురం వేసింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ అనే విద్యార్థి. ఆయనకు తోడైనవాడు తమ్ముడు జాన్. అది 1990లో బజారులోకి వచ్చినప్పుడు అందులో పొరలు లేవు. అవి 1994లో, మూడో వెర్షనులో వచ్చాయి. అంతకుముందు ఫోటో మీద అక్షరాలు వేస్తే అవి ఆ ఫోటోలో కలిసిపోయేవి. తప్పు పడితే మొదటికి రావలసిందే.

ఇక లోపల జరిగేదేమిటో చూద్దాం. బొమ్మ అంటే చిన్న చిన్న చుక్కల మడి. మామూలు ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. పొరలో వీటికి తోడు నాలుగో అంకె ఉంటుంది. దాని పేరు ఆల్ఫా. ఆ చుక్క ఎంత దట్టంగా ఉందో, ఎంత అద్దంలా ఉందో చెప్పేది అదే. పై పొర చుక్క విలువ 200, కింది పొరది 100 అనుకోండి. పై పొర దట్టతనం నలభై శాతం పెడితే, 200లో నలభై శాతం 80, 100లో మిగతా అరవై శాతం 60, కలిపితే 140. కంటికి కనబడేది ఆ 140 మాత్రమే. కానీ 200, 100 రెండూ లోపల చెక్కుచెదరకుండా ఉంటాయి. పొరల కిటుకంతా ఇదే. ఈ కూడికల సూత్రాలను పోర్టర్, డఫ్ అనే ఇద్దరు 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధం చేశారు.

కలిపే పద్ధతులు ఇంకా ఉన్నాయి. "మల్టిప్లై" అంటే రెండు అంకెలను గుణించి 255తో భాగించడం. 200, 100 అయితే సుమారు 78 వస్తుంది. అంటే ఎప్పుడూ ముదురవుతుందే తప్ప లేతబడదు. నీడలు వేయడానికి ఇది పనికొస్తుంది. "స్క్రీన్" దీనికి తలకిందులు, వెలుగు పెంచుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాస్కు. ఊళ్ళో బస్తాల మీద పేరు అచ్చు వేసేటప్పుడు అక్షరాలు కోసిన రేకు పెడతారు కదా? కోసిన చోట రంగు దిగుతుంది, మిగతా చోట దిగదు. మాస్కు అలాంటి రేకే. తెలుపు పూసిన చోట పొర కనబడుతుంది, నలుపు పూసిన చోట దాగుతుంది. దాగుతుందే గాని పోదు. మళ్ళీ తెలుపు పూస్తే తిరిగి వస్తుంది. రబ్బరుతో చెరిపితే మాత్రం ఆ చుక్కలు పోయినట్లే.

ఈ తేడా నేను క్లాసులో నేర్చుకోలేదు. పోయినేడు మా నాయనమ్మ కాలం చేసింది. దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలి. ఆమెది ఉన్నది ఒకే ఒక్క ఫోటో, ఎవరి పెళ్ళిలోనో తాత పక్కన నిలబడి దిగింది. దాన్ని స్కాను చేసి, తాతనూ మిగతా వాళ్ళనూ రబ్బరుతో చెరిపేసి, వెనుక నీలం రంగు వేసి, పొరలన్నీ ఒకటిగా కలిపి, అదే పేరుతో సేవ్ చేశాను. ఫ్లెక్సీ బాగా వచ్చిందని ఊరంతా అన్నారు. ఆ వానాకాలంలో ఇల్లు కురిసి, పెట్టెలో ఉన్న అసలు ఫోటో తడిసి అట్టకు అంటుకుపోయింది. నాయిన ఫోన్ చేసి, "తాతతోని ఉన్నది నీ కంప్యూటర్ల ఉన్నది గద బిడ్డా, ఒకటి తీసి పంపియ్యి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

షాపులో అన్నకు చెప్తే ఫైలు తెరిచి చూశాడు. "తమ్మీ, మాస్కు పెట్టి ఉంటే తాత ఇంకా ఆడనే ఉండేటోడు" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

కాబట్టి మిత్రులారా, మూడు మాటలు గుర్తుంచుకోండి. మొదటిది, అసలు ఫోటో ఉన్న పొరను ముట్టుకోవద్దు. దానికి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయండి. రెండవది, చెరపడం కన్నా దాచడం మేలు. మూడవది, పొరలున్న ఫైలు ఒకటి, అచ్చుకు పంపే ఫైలు ఒకటి, రెండూ వేర్వేరుగా ఉంచుకోండి. జె.పి.ఇ.జి. ఫైలులో పొరలు నిలవవు. పొరలతో ఫైలు బరువెక్కుతుంది, నిజమే. ఎ4 కాగితమంత బొమ్మలో అంగుళానికి 300 చుక్కల లెక్కన ఎనభై ఏడు లక్షల చుక్కలు, ఒక్క నిండు పొరకే సుమారు 35 మెగాబైట్ల జాగా. అయినా పోయిన ఫోటో కన్నా అది బరువు కాదు.

సాఫ్టువేరు కొనే స్తోమత లేదని వెనుకాడనక్కర లేదు. జింప్ అనే ఉచిత సాఫ్టువేరులోనూ పొరలు, మాస్కులు అన్నీ ఉన్నాయి. దాన్ని 1995లో మొదలుపెట్టినది స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అని బర్కిలీలో చదివే ఇద్దరు విద్యార్థులే, మనబోటి వాళ్ళే!

ఒక హెచ్చరిక కూడా. లేని మనిషిని ఫోటోలో చేర్చడానికీ, ఉన్న మనిషిని తీసేయడానికీ ఈ విద్యే పనికొస్తుంది. ఫోటో చూసి నమ్మేముందు దాని కింద ఎన్ని పొరలున్నాయో ఆలోచించాలి.

ఇప్పుడు సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి పాత ఫోటోలు స్కాను చేస్తున్నాను. ఆ పెళ్ళిలో తీసిన ఇంకో ఫోటో ఎవరి పెట్టెలోనైనా దొరక్కపోతుందా అని నా ఆశ. దొరికితే మాత్రం దాన్ని అడుగు పొరలో పెట్టి తాళం వేస్తాను.